నేను చెరిపేసిన దగ్గు

మొన్న శుక్రవారం పొద్దున పదకొండు గంటలప్పుడు నేను ఒక పెళ్లి వీడియోలో తలంబ్రాల ముక్క సరిచేస్తూ కూర్చున్నాను. ఫోను మోగింది. మా గ్రూపులో శైలజ రెండు వాక్యాలు పెట్టింది. “భాయ్ పోయినాడు. మధ్యాన్నం నమాజు అయినాక తీసుకపోతారంట.” ఆ గ్రూపులో ఉన్నది నలుగురమే. నాలుగోవాడు భాయ్. ఆ మెసేజ్ ఆయన ఫోనుకు కూడా వెళ్లింది.

నేను వెంటనే లేవలేదు. పెళ్లికూతురు నవ్వే చోట పాట కుదిరేలా సర్ది, చేతిలో ఉన్న ముక్క పూర్తి చేసి, అప్పుడు లేచాను. ఈ సంగతి దాచి మిగతాది చెప్పడం నాకు ఇష్టం లేదు.

మీలో కొందరు ఆయన గొంతు విని ఉంటారు. మేము ఇంటర్నెట్‌లో వారం వారం పెట్టిన ‘గాలిమిల్లు’ అనే ఆటలో, ఫిల్టర్లు దులిపే ముసలాయన గొంతు అది. దాని పేజీ కింద ఈ వారం రోజులుగా మీరు రాస్తున్నవన్నీ చదువుతున్నాను. “అంత సహజంగా ఆయాసపడటం ఇంకెవరికీ రాదు” అని ఒకరు రాశారు. “ఆ దగ్గు వింటుంటే నాకే ఊపిరాడేది కాదు, ఎంత గొప్ప నటన” అని ఇంకొకరు. “పోయింది పాత్రా, మనిషా? కొత్త సీజనుకు ప్రచారమా?” అని ఒకరు అడిగారు. మీ మీద నాకు కోపం లేదు. మీకు తెలియదు. తెలిసినవాణ్ని నేను. అందుకే రాస్తున్నాను.

ఈ ఆట ఎరగనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఒక బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకడు లోకాన్ని చెబుతాడు. మిగతావాళ్లు ఆ లోకంలో తలా ఒక మనిషి అయిపోయి, ఆ మనిషి ఏం చేస్తాడో, ఏం మాట్లాడతాడో చెబుతారు. కష్టమైన పని తలపెడితే పాచికలు వేస్తాం. పడిన అంకెను బట్టి ఆ పని అవుతుంది, లేకపోతే లేదు. ముందుగా రాసుకున్న మాటలేవీ ఉండవు. మాకు లోకాన్ని చెప్పేవాడు గిరి. ఏర్పేడు దగ్గర ఒక కాలేజీ ల్యాబులో పని చేస్తాడు. శైలజ మందుల షాపులో కూర్చుంటుంది. నేను స్టూడియోలో పెళ్లిళ్ల వీడియోలు కోసి అతికిస్తాను. ముగ్గురం ఇంటర్మీడియట్ నుంచి స్నేహితులం.

గిరి కట్టిన లోకం చీకటిది. సూర్యుడు ఆరిపోయాడు. ఆ ఆరిన సూర్యుడి చుట్టూ ఒక ఇనుప ఊరు తిరుగుతూ ఉంటుంది. అందులో గాలి యంత్రాలలో తయారవుతుంది. పై అంతస్తులవాళ్లు పీల్చి వదిలిన గాలి కింది అంతస్తులకు వస్తుంది. కిందివాళ్లు ఆ యంత్రాలు తిప్పుతూ పుట్టి, తిప్పుతూనే పోతారు. వినడానికి బాగుంటుంది. చిక్కల్లా రికార్డింగుతో వచ్చింది. తిరుపతిలో గిరి గది రోడ్డు మీదే ఉంది. కొండకు పోయే జీపులు, వాటిలోంచి గోవింద నామాలు, ఆటోల హారన్లు, పక్కింట్లో కుక్కరు. ఆరిపోయిన సూర్యుడి దగ్గర కుక్కరు విజిల్ వేస్తే ఎవరు నమ్ముతారు?

అలాంటప్పుడు నేను దిండు కొనడానికి కోర్లగుంటలో ఒక పరుపుల అంగడికి వెళ్లాను. ముందు గదిలో దూది ఏకే మిషను. వెనక గదిలో లాడ్జీలకు పంపాల్సిన పరుపులు నేల నుంచి కప్పు దాకా పేర్చి ఉన్నాయి. దిండు వెతుకుతూ ఆ వెనక గదిలోకి వెళ్లి ఏదో మాట అన్నాను. నా మాట నా నోటి ముందే ఆగిపోయింది. ఎక్కడా తగిలి తిరిగి రాలేదు. చెవుల్లో నా ఊపిరి నాకే వినిపించింది. వేలకు వేలు పోసి కట్టే స్టూడియోలలో కూడా నేను అంత నిశ్శబ్దం చూడలేదు.

అంగడాయనకు అప్పుడు యాభై ఐదేళ్లు ఉంటాయేమో. కనుబొమల మీద, గడ్డంలో దూది పోగులు. చొక్కా కాలరుకు గుచ్చిన పొడుగు సూది. ఆదివారం మధ్యాహ్నాలు మిషను ఆగి ఉంటుంది కదా, ఈ గది మాకిస్తారా అని అడిగాను.

“ఏం చేస్తారబ్బా ఈడ?”

“మాట్లాడుకుంటాము భాయ్. మాట్లాడింది రికార్డు చేసుకుంటాము.”

“మాట్లాడుకునేదానికి పరుపులెందుకు?” అని కాసేపు నా ముఖం చూశాడు. “సరే రాండి. బీడీలు మాత్రం కాల్చొద్దు. దూది.”

అలా మొదలైంది. మొదటి రెండు వారాలు ఆయన గుమ్మం దగ్గర ముక్కాలి పీట వేసుకుని, దిండు గలేబు కుట్టుకుంటూ గమ్మున కూర్చున్నాడు. మూడో వారం శైలజా నేనూ ఆటలో ఒక ఇనుప తలుపు ముందు ఇరుక్కున్నాం. వెనక నుంచి కావలివాళ్లు వస్తున్నారు. తలుపు పగలగొడతానని నేను పాచికలు తీశాను.

గుమ్మం దగ్గర నుంచి ఆయన అన్నాడు: “ఆ పక్క గాలి ఉండాదో లేదో సూడకుండా ఎట్ల తెరుస్తారబ్బా?”

గిరి తల పైకెత్తాడు. ఆ తలుపు అవతల గాలి లేదు. మమ్మల్ని అక్కడ చంపడానికి వారం రోజులుగా వాడు ఎదురుచూస్తున్నాడు. “నువ్వు కూడా రా భాయ్” అన్నాడు.

ఏ మనిషిగా ఉంటావో ఎంచుకోమని గిరి ఆయనకొక జాబితా చదివాడు. సైనికుడు, నావికుడు, దొంగ, పూజారి. ఆయన సూది ఆపకుండా విన్నాడు. “గాలి యంత్రానికి జల్లెడ మాదిరి ఏదో ఉంటాది గదా సారూ. దానికి పట్టిన దుమ్ము ఎవరు దులుపుతారు?” అన్నాడు. గిరి ఆ సంగతి ఆలోచించనే లేదు. “అయితే నేను దులుపుతాను. నాకు తెలిసిన పని అదే” అన్నాడు. ఆ పాత్రకు పేరేం పెడదామంటే, భాయ్ అనే ఉండనివ్వమన్నాడు.

కింది అంతస్తులవాళ్ల భాష కోసం ఉర్దూలో నాలుగు మాటలు చెప్పమని ఒకసారి శైలజ అడిగింది. ఆయన నవ్వాడు. “మా ఇంట్లో తెలుగే పాపా. దూదేకే మాకు ఉర్దూ యాడిది? ఉర్దూ మాట్లాడే సాయిబులు మమ్మల్ని తెలుగోళ్లంటారు. తెలుగోళ్లు సాయిబులంటారు. పెండ్లికి ఇద్దరూ పిలుస్తారు. పంక్తిలో యాడ కూర్చోబెట్టాలో మాత్రం ఇద్దరికీ తెలీదు.” ఆ మాట రికార్డయింది. గిరి దాన్నుంచి ఏ అంతస్తుకూ చెందని ఒక జాతినే పుట్టించాడు. ఆ జాతి గురించే మీలో చాలామంది మెచ్చుకుంటూ రాశారు.

ఆయన ఆడిన తీరు మాకెవరికీ చేతకానిది. తుపాకి పట్టుకున్న కావలివాడు ఎదురైతే మేము ఎట్లా కొట్టాలా అని చూసేవాళ్లం. ఆయన పలకరించేవాడు.

“ఏమబ్బా, తిన్నావా?”

కావలివాడి తరఫున గిరి మాట్లాడాలి. “లేదు” అన్నాడు మొదటిసారి, తడబడుతూ.

“ఏల తినలా? ఇంట్లో ఎవరుండారు?”

పది నిమిషాల తర్వాత ఆ కావలివాడికి ఒక తల్లి వచ్చింది, తల్లికి కాలునొప్పి వచ్చింది, ఆ నొప్పికి భాయ్ ఏదో నూనె చెప్పాడు. పాచిక పడకుండానే తలుపు తెరుచుకుంది. ఇన్ని వారాల ఆటలో ఆయన ఒక్కణ్ని కూడా చంపలేదు. పాచికలు బల్ల మీద వేస్తే చప్పుడవుతుందని దిండు మీద వేసేవాడు. అంకె ఎంత పడినా దానివైపు పెద్దగా చూసేవాడు కాదు. ఆట నడుస్తున్నంతసేపూ కుట్టేవాడు. ఆ పరుపుల మీద ఎవరెవరు పడుకుంటారో ఎప్పుడైనా అనుకుంటావా భాయ్ అని అడిగితే, “అనుకోకూడదు. అనుకుంటే కుట్టు వంకర పోతాది” అన్నాడు.

ఇంకొకటి చెప్పాలి. ఒక ఆదివారం ఆయన నన్ను కాసేపు చూసి, “నీ మెడ ఎడం పక్కకు పడిపోతాండాది. కూర్చునే కాడ ఎత్తు సాల్లేదు” అన్నాడు. తర్వాతి వారం నా కుర్చీకి సరిపోయే ఒక మెత్త కుట్టి తెచ్చాడు. కొలత తీసుకోలేదు. నా మెడను చూసి, నేను కూర్చునే కుర్చీ ఎత్తు ఊహించుకుని కుట్టాడు. ఇప్పుడు దాని మీదే కూర్చుని ఇది రాస్తున్నాను. నా మెడనొప్పిని ఆయన చూపుతో పట్టేశాడు. ఆయన ఊపిరితిత్తులను నేను వారం వారం చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒక్కో క్షణం వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. విని ఏం చేశానో చెబుతాను.

ఆయన దగ్గేవాడు. మొదటి రోజు నుంచీ దగ్గేవాడు. గొంతు సవరించుకోవడం లాంటి చిన్న దగ్గు. ఒక్కో భాగానికి పదో పన్నెండో ఉండేవి. సోమవారం సాయంత్రాలు కూర్చుని వాటిని ఒక్కొక్కటే కోసేసేవాణ్ని. కోసిన చోట అతుకు తెలియకుండా గది నిశ్శబ్దాన్ని కొంచెం తెచ్చి పూసేవాణ్ని. అది నా పని, అందులో నాకు గర్వం కూడా ఉండేది. కంప్యూటరు తెర మీద మాట ఒక రకంగా కనిపిస్తుంది, దగ్గు ఒక రకంగా కనిపిస్తుంది. దగ్గు ముళ్లచెట్టులా ఒక్కసారిగా లేస్తుంది. కొన్నాళ్లకు వినకుండానే, చూపుతోనే ఏరేసేవాణ్ని. అందుకే, అవి ఎక్కువవుతున్నాయని ఈ భూమ్మీద అందరికంటే ముందు తెలిసింది నాకు. వానాకాలానికి ఇరవై అయ్యాయి. చలికాలానికి నేను లెక్క మానేశాను. ఒక్కోటి పొడుగైంది. దగ్గుకూ మాటకూ మధ్య, ఊపిరి కోసం వెతుక్కునే ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలను కూడా కోసేశాను. మీరు విన్న భాయ్ గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాడు. అలాంటి భాయ్ ఎప్పుడూ లేడు.

ఒక వారం స్టూడియోలో పని ఒత్తిడి వల్ల ఒక దగ్గు పొరపాటున వదిలేశాను. కింది అంతస్తులో గాలి ఆగిపోయిన ఘట్టం అది. దాని గురించి మీరందరూ రాశారు. అంతకుముందు ఏ భాగానికీ అన్ని అభిప్రాయాలు రాలేదు.

గిరి ఫోను చేశాడు. “వదిలేయప్పా, బాగుండాది. అన్నీ వద్దు. యాడ కావాల్నో ఆడ పెట్టు.”

పెట్టాను. బాగా వచ్చిన దగ్గులను ఏరి ఒక ఫైలులో దాచాను. పదిహేడు. ఘట్టానికి తగినట్టు, చిన్నది కావాలంటే చిన్నది, లోపలి నుంచి గీరుకుంటూ వచ్చేది కావాలంటే అది. వాన చప్పుడు, తలుపు చప్పుడు ఎలా వాడతామో అలాగే వాడాను.

భాయ్‌కి ఒక కూతురు ఉంది, డిగ్రీ చదువుతోంది. ఆమె ఫోనులో ఒక భాగం పెట్టి తండ్రికి వినిపించిందట. ఆ ఆదివారం ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

“ఆ పిల్లోళ్లను దాచిపెట్టే కాడ నేను దగ్గలేదు గదబ్బా. బాగా గుర్తుండాది.”

“మేమే పెట్టినాము భాయ్. బాగుంటాదని.”

ఆయన నవ్వాడు. “మంచిదే. ఉత్తగా పోకుండా యాడో ఒకాడ పనికొచ్చింది.” ఆ నవ్వు మధ్యలోనే దగ్గు వచ్చింది. గోడ వైపు తిరిగి, పరుపుల దొంతర పట్టుకుని నిలబడ్డాడు. నేను మైకుల వైర్లు చుట్టుకుంటూ ఉండిపోయాను.

శైలజ ఊరుకోలేదు. మందుల షాపులో కూర్చునేది కాబట్టి ముందు సిరప్పు తెచ్చింది. నెల తర్వాత నాతో విడిగా అంది, “అది సిరప్పుకు పోయే దగ్గు కాదు. ఛాతీ డాక్టరుకు సూపించాల. నేను చెప్తే నవ్వేస్తాండాడు. నువ్వు చెప్పు, నీ మాట వింటాడు.”

“ఇంక నాలుగు భాగాలే గదా ఉండేది” అన్నాను నేను. “సీజను అయిపోనీ. ఇప్పుడు ఆస్పత్రి అంటే మధ్యలో ఆగిపోతాది.”

ఈ మాట నేనే అన్నాను. శైలజ నా వైపు చూసి, సంచి తీసుకుని వెళ్లింది. ఆ చూపు అర్థం కానట్టు ఉండటం అప్పటికి నాకు సులువైంది.

ఆ సీజను చివరి భాగం ఏప్రిల్‌లో చేశాం. తిరుపతి ఏప్రిల్ మీకు తెలుసు. ఫ్యాను తిరిగితే చప్పుడు, అందుకే ఆపేశాం. కిటికీకి పరుపు అడ్డం పెట్టాం. గదిలో సన్నగా దూది ధూళి తేలుతూ ఉంది. మూడు గంటలు కూర్చున్నాం. కథలో భాయ్ పాత్ర ఆగిపోయిన యంత్రంలోకి పాకుతూ వెళ్లి జల్లెడ దులపాలి. దులిపితే కింది అంతస్తులో అందరూ బతుకుతారు. ఆయన మెల్లగా చెబుతున్నాడు. ఎక్కడ చెయ్యి పెడుతున్నాడో, ఏ పక్క నుంచి తడుతున్నాడో, దుమ్ము ఎటు పడుతోందో. ఒక మాట మధ్యలో ఆగాడు. చెయ్యి ఎత్తి ఉండమన్నట్టు చూపించాడు. తర్వాత ఆ చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. నోరు తెరిచే ఉంది, లోపలికి ఏమీ పోవడం లేదు. పెదాలు నల్లబడ్డాయి. ఈల లాంటి సన్నటి చప్పుడు వచ్చింది.

శైలజ లేచింది. గిరి తన పెదాల మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో నాకు సైగ చేశాడు. ఆపొద్దని.

నేను ఆపలేదు. నా కళ్లు భాయ్ మీద లేవు. రికార్డింగు యంత్రం మీద శబ్దం ఎంత ఎత్తుకు పోతోందో చూపే ఎర్ర గీత మీద ఉన్నాయి. మరీ ఎక్కువైతే రికార్డింగ్ పాడవుతుంది. పాడవలేదు. నేను చూసుకున్నాను.

శైలజ కిటికీకి అడ్డం ఉన్న పరుపును లాగి కింద పడేసింది. వీధి చప్పుడు లోపలికి వచ్చింది. భాయ్‌కి ఊపిరి తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక ఆయన అన్న మొదటి మాట, “ఆగిపోయిందా? మళ్లా చెప్పాల్నా?”

ఆ నిమిషన్నరే మీరందరూ గొప్ప ముగింపు అన్నది. వీధి చప్పుడు వచ్చేలోపల కోసి, అక్కడ ఆపేశాను.

మర్నాడు శైలజే ఆయన్ను ఆస్పత్రికి తీసుకెళ్లింది. నేనూ వెళ్లాను. డాక్టరు చెప్పింది నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ముప్పై ఐదేళ్ల దూది ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని అవి గట్టిపడిపోయాయి. ఇక అవి మెత్తబడవు. “ఏడాది ముందు వచ్చుంటే ఆ పని మాన్పించి కొన్నేళ్లు నెట్టుకొచ్చేవాళ్లం. దగ్గు ఎప్పటి నుంచి ఎక్కువైంది?” అని అడిగాడు. భాయ్ తల గోక్కుని, “యాడ గుర్తుంటాది సారూ, రవంత రవంతగా వచ్చింది” అన్నాడు. నా దగ్గర ప్రతి ఆదివారానిదీ ఉంది. నేను నోరు తెరవలేదు.

ఆ తర్వాత ఆయన ఏడు నెలలు బతికాడు. అంగడి మూశాడు. ఇంటి ముందు మంచం మీద, పక్కనే ఆక్సిజన్ యంత్రం పెట్టుకుని కూర్చునేవాడు. మేము వెళితే ఆ యంత్రాన్ని తడిమి, “దీనికి కూడా జల్లెడ ఉండాది సూడు సారూ, నేనే దులుపుకుంటాండా” అని గిరితో అనేవాడు. మమ్మల్ని నవ్వించాలని. గిరి నవ్వేవాడు. మొదట్లో వారానికొకసారి వెళ్లాం, తర్వాత నెలకొకసారి. చివరి రెండు నెలలు నేను వెళ్లలేదు. పెళ్లిళ్ల సీజను అని శైలజతో చెప్పాను.

శుక్రవారం ఖననం అయ్యాక వాళ్లింటి దగ్గర నిలబడి ఉంటే, బంగారుపాళ్యం నుంచి వచ్చిన ఆయన అక్క నన్ను చూసి, “ఆదివారాలు ఆట ఆడేది మీరేనా?” అని అడిగింది. అవునన్నాను. ఆమెకు నన్ను నిందించే ఉద్దేశం ఏమీ లేదు. జ్ఞాపకం చేసుకుంటూ చెప్పింది, అంతే. “అంతకుముందు ఆదివారమైతే పొద్దున్నే బస్సెక్కి మా ఇంటికొచ్చేటోడు. మామిడిచెట్ల కింద మంచమేసుకుని సాయంత్రం దాకా పండుకునేటోడు. ఈడికొస్తే దగ్గు రాదక్కా అనేటోడు. మీ సావాసం అయినాక రాలా. రాకపోతే పోనీలే, నలుగురితో నవ్వుకుంటాండాడు గదా అనుకున్యాము.”

వారమంతా దూదిలో ఉండే మనిషికి ధూళి లేని రోజు ఒక్కటే ఉండేది. దాన్ని కూడా తెచ్చి మేము అదే గదిలో, ఫ్యాను ఆపి, కిటికీ మూసి వాడుకున్నాం. గది ఎంత బాగుందో అని సంబరపడ్డాం.

శైలజ అక్కడే ఉంది. “నేను చెప్పినాను గదా నీకు” అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఏదో ఒక జవాబు దొరికేది.

ఆ సాయంత్రం గిరి మా పేజీలో నల్లటి బొమ్మ మీద భాయ్ మాట ఒకటి రాసి పెట్టాడు. దాని వెనక ఆ చివరి భాగంలోని ఊపిరి చప్పుడు వేశాడు. తీసేయమని ఫోను చేశాను.

“జనాలు గుర్తు పెట్టుకోవాల గదప్పా” అన్నాడు.

“అది నటన కాదని చెప్పు మరి.”

“ఇప్పుడు చెప్పి ఏం లాభం? అందరూ మనల్నంటారు.”

“అననీ.”

వాడు ఫోను పెట్టేశాడు. ఆ బొమ్మ ఇంకా అక్కడే ఉంది. మీరు దాని కింద పూలు పెడుతున్నారు. దయచేసి ఆ చప్పుడు ఇంకోసారి వినకండి. ఒక మనిషికి ఊపిరాడనప్పుడు ముగ్గురు స్నేహితుల్లో ఇద్దరు కూర్చునే ఉన్న చప్పుడు అది.

మూడో రోజు భాయ్ భార్య కబురు చేసింది. వెళ్లాను. ఆమెను నేను చిన్నమ్మా అని పిలుస్తాను. గుమ్మంలో చాప మీద కూర్చుని ఉంది.

“ఆయన మాటలు నీ కాడ ఉంటాయంట గదా నాయనా. మా పాప చెప్పింది. యాదన్నా ఒకటి ఇయ్యి. రవంత సేపు వింటాను.”

అన్ని భాగాల్లోంచీ ఆయన మాటలను ఏరి, మా గొంతులు తీసేసి, గంటసేపు వచ్చేలా కూర్చాను. నా పనితనమంతా పెట్టాను. మర్నాడు ఫోనులో వేసి ఆమె చేతికిచ్చాను. ఆమె చెవికి ఆనించుకుని విన్నది. ఐదు నిమిషాలు కూడా కాలేదు, ఫోను కిందికి దించింది.

“ఎవరో మాట్లాడతాండారు” అంది.

“భాయే చిన్నమ్మా.”

“గొంతు ఆయనదే. మాట ఆయనది కాదు. ఆయన ఇట్ల గడగడా యాడ మాట్లాడినాడు? రెండు మాటలు చెప్పి ఆగుతాడు. దగ్గుతాడు. మళ్లా యాడ ఆపినాడో ఆన్నించే ఎత్తుకుంటాడు. నాకు పెండ్లయినప్పటి నుంచి అట్లే విన్యాను. అది లేదా నీ కాడ?”

లేదు. కోయని రికార్డింగులన్నీ పోయిన వేసవిలో తుడిచేశాను. పెళ్లి వీడియోలకు జాగా చాలక. ఆ మాట ఆమెతో చెప్పాను. దగ్గు కోసేశానని చెప్పాను. కొన్నిటిని దాచి, కావలసిన చోట అతికించానని చెప్పాను. దగ్గు ఎక్కువవుతోందని ముందే తెలిసీ, సీజను అయిపోనీ అన్నానని కూడా చెప్పాను. ఆమె అంతా విన్నది. పరవాలేదని అనలేదు, తిట్టలేదు. చాప మీద ఏదో పోగు ఏరుతూ కూర్చుంది.

“దాచింది ఉండాదా?” అని అడిగింది చివరికి.

“ఉండాది. ఉత్త దగ్గే చిన్నమ్మా. మాటలేమీ లేవు.”

“పెట్టు.”

ఆ పదిహేడూ పెట్టాను. ఫోను ఆమె చెవికి ఆనించుకోలేదు, ఒళ్లో పెట్టుకుంది. మొదటిది వచ్చింది. ఆమె కళ్లు మూసుకుంది. రెండోది వచ్చింది. మూడోది పొడుగైనది, లోపలి నుంచి గీరుకుంటూ వచ్చేది. అది ఇంకా అయిపోకముందే ఆమె కుడిచెయ్యి పక్కకు వెళ్లి, అక్కడున్న నీళ్ల చెంబును తడిమి పట్టుకుంది. కళ్లు తెరవకుండానే గ్లాసులోకి వంపింది. గ్లాసు ఎత్తి ముందుకు చాచింది.

ఒళ్లో నాలుగో దగ్గు మొదలైంది. ఆమె గ్లాసు అలాగే చాచి పట్టుకుని ఉంది.